ఎండ మాకేం కొత్తా అనుకుని శ్రీలంక వెళ్ళాం

మాది నెల్లూరు, పదకొండేళ్ళుగా ఉండేది చెన్నై వేళచ్చేరిలో. అంటే రోహిణి కార్తె ఎండల్లో పెరిగి అగ్ని నక్షత్రం ఎండల్లో కాపురం చేస్తున్నదాన్ని. అలాంటిదానికి ఎవరైనా శ్రీలంకలో ఎండ జాగ్రత్తమ్మా అంటే నవ్వు రాదా, నాకైతే వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నేను, మా ఆయన, అత్తయ్య, మరిది నలుగురం వారం రోజులకి వెళ్ళాం. మీనంబాక్కంలో ఫ్లైట్ ఎక్కితే గంటన్నరలో కొలంబో, నెల్లూరు వెళ్ళడానికే ఇంతకంటే ఎక్కువ పడుతుంది. టైం మనదే, వాచీ మార్చే పని లేదు, బోర్డుల మీద సింహళం పక్కనే తమిళం, బండ్లు ఎడమ వైపే, ఎటు చూసినా కొబ్బరిచెట్లు, ఇంక భయం ఎందుకుంటుంది చెప్పండి, పక్క వీధికి పోయినట్టే పోయాం. మేం చేసిన తప్పులన్నీ ఆ ధీమాతో చేసినవే.

మొదట దెబ్బ కొట్టింది చార్జర్. అక్కడ చాలాచోట్ల ప్లగ్గులు మూడు చదరపు పిన్నులవి, మన గుండ్రటి పిన్ను దూరదు. రాత్రి రూమ్‌కి చేరేసరికి నాలుగు ఫోన్లూ అయిపోయాయి, బుకింగ్ కాగితాలు, పాస్‌పోర్ట్ కాపీలు అన్నీ ఫోన్లోనే. రిసెప్షన్లో కుర్రాడు అడాప్టర్ ఇచ్చాడు గనక సరిపోయింది. మీరు మాత్రం ఒక అడాప్టర్, నాలుగు ప్రింట్లు బ్యాగ్‌లో పడేసుకోండి. ఈటీఏ, అంటే ఆ దేశంలోకి రానిచ్చే అనుమతి, అది కూడా ముందే ఆన్‌లైన్లో చేసుకోవాలి, మేం వెళ్ళినప్పుడు మనవాళ్ళకి ఫీజు లేదు, అవి మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు వాళ్ళ గవర్నమెంట్ సైట్లోనే చూసుకోండి, ఏజెంట్ల సైట్లలో డబ్బు కట్టకండి. యూపీఐ అయితే మేం వెళ్ళడానికి కొద్దిరోజుల ముందే, ఫిబ్రవరి 12న అక్కడ మొదలుపెట్టారు, అది నమ్ముకుని మా ఆయన క్యాష్ తక్కువ మార్చాడు, ఆటోవాడికీ టీకొట్టుకీ క్యాషే కావాలి మరి.

ఇక సిగిరియా, పెద్ద బండకొండ మీద కట్టిన పాత కోట. పొద్దున్నే గేటు తీసేసరికి వెళ్ళమని హోటల్లో చెప్పారు, మేం తీరిగ్గా టిఫిన్ చేసి పదిన్నరకి మొదలుపెట్టాం. దాదాపు 1200 మెట్లు, పైకి పోయేకొద్దీ నీడ లేదు. నలుగురికీ కలిపి రెండు చిన్న నీళ్ళ బాటిళ్ళు. ఎండ నిజంగానే చెన్నై ఎండలాగే ఉంది, అదే మోసం, ఎందుకంటే చెన్నైలో ఆ టైంలో మనం ఏసీలో కూర్చుంటాం గానీ కొండలెక్కం కదా. దారిలో ఉండే పెద్ద సింహం పాదాల శిల్పం దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య మాట్లాడటం మానేసింది. ఆవిడ మాట్లాడటం మానేసిందంటే ఏదో తేడా ఉన్నట్టే. మొహం తెల్లగా పాలిపోయింది, చెయ్యి పట్టుకుంటే చల్లగా జిగటగా ఉంది, తల తిరుగుతోందే అంది. నీడలో పడుకోబెట్టి కాళ్ళ కింద బ్యాగులు పెట్టాం. మా మరిది హీరోలాగా జేబులోంచి ఓఆర్ఎస్ ప్యాకెట్ తీసి మొత్తం అరలీటర్ బాటిల్లో పోసేశాడు. అది లీటర్ నీళ్ళలో కలపాల్సిన ప్యాకెట్, చిక్కగా కలిపితే అసలుకే మోసం. పక్కన చూస్తున్న ఒక గైడ్ ఆ బాటిల్ లాక్కుని పారబోసి తన నీళ్ళిచ్చి మెల్లగా తాగించాడు. ఇరవై నిమిషాలకి లేచి కూర్చుంది. ఆవిడ వేసుకునే బీపీ మాత్రలో ఒంట్లో నీళ్ళు మూత్రంలో పోయేలా చేసే మందు కూడా కలిసి ఉందని, అలాంటివాళ్ళకి ఎండలో ఇంకా త్వరగా ఒళ్ళు ఎండిపోతుందని తర్వాత మా డాక్టర్ చెప్పాడు, ఇది వెళ్ళేముందు అడగాల్సిన ప్రశ్న.

కిందకి దిగాక తంబిలి తాగాం, నారింజ రంగు కొబ్బరిబోండాం, మన పచ్చబోండాం కంటే తియ్యగా ఉంటుంది. అన్నట్టు సిగిరియాలో కందిరీగల తుట్టెలున్నాయి, అరవకండి అని బోర్డులు పెట్టారు, జోక్ కాదు. ఆ కొండ గుహలో గోడ మీద పాత రంగుల బొమ్మలున్నాయి, వాటికి ఫోటో తియ్యనివ్వరు. మనలాంటి సార్క్ దేశాల వాళ్ళకి టికెట్లో తగ్గింపు ఉంది, ఒరిజినల్ పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి.

దంబుల్ల గుహల గుడిలో చెప్పులు బయటే వదిలెయ్యాలి, మధ్యాహ్నం ఆ బండ మీద ఒట్టికాళ్ళతో నడిస్తే పెనం మీద అట్టు గుర్తొచ్చింది నాకు. ఒక జత సాక్సులు తీసుకెళ్ళండి, వాటికి అభ్యంతరం చెప్పరు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ మాత్రం వద్దు, వాళ్ళకి చాలా బాధ, పోలీసుల దాకా పోతుంది. 23న పౌర్ణమి వచ్చింది, పోయ అంటారు, ఆ రోజు దేశమంతా సెలవు, మద్యం అమ్మరు. మా మరిది మొహం చూడాలి.

కాండీ దారిలో మాతలె దగ్గర డ్రైవర్ అడక్కుండానే ఒక మసాలా తోటకి తీసుకుపోయాడు. తోట చూపించడం ఫ్రీ, మోకాళ్ళకి నూనె రాయడం ఫ్రీ, చివర్లో షాపు. చెన్నై పారీస్ కార్నర్ బజార్లో దొరికే యాలకులకి నాలుగింతల రేటు. అత్తయ్య నూనె కొనేసింది, నేనేమీ అనలేదు. డ్రైవర్‌కి కమీషన్ ఉంటుంది, పొద్దున్నే షాపులు వద్దన్నా అని గట్టిగా చెప్పెయ్యాలి. ఊళ్ళో తిరగడానికి ఆటోలు, కార్లు పిలిచే పిక్‌మీ యాప్ బావుంది, రేటు ముందే తెలుస్తుంది.

సముద్రం సంగతి, ఫిబ్రవరిలో దక్షిణం బీచ్‌లు ప్రశాంతంగా ఉంటాయి, మే నుంచి సెప్టెంబర్ దాకా అటు వైపు అలలు పెద్దవి, అప్పుడు తూర్పు వైపు పోవాలి. ఎర్రజెండా ఉంటే దిగొద్దు. అల లోపలికి లాగేస్తే దానికి ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా ఈది పక్కకి రావాలి, మెరీనా పక్కన ఇన్నేళ్ళున్నా నాకు ఈ ముక్క తెలీదు.

దోమల దగ్గర మాత్రం మా మరిది తెలివి చూడండి. శ్రీలంకలో మలేరియా లేదని 2016లోనే డబ్ల్యూహెచ్ఓ ప్రకటించిందట, అది చదివి దోమల క్రీమ్ సూట్‌కేస్ లోంచి తీసేయించాడు. మలేరియా లేదు, నిజమే. డెంగ్యూ ఉంది. ఆ దోమ పగలు కుడుతుంది, పొద్దున, సాయంత్రం ఎక్కువ. రాత్రి తెర కట్టుకుని పడుకుని, పగలంతా నిక్కర్లో తిరిగాడు. చెన్నై వచ్చిన మూడో రోజు 103 జ్వరం, కళ్ళ వెనక నొప్పి. కుట్టాక నాలుగు నుంచి పది రోజుల్లో ఎప్పుడైనా బయటపడుతుందట, అందుకే ఊరు నుంచి వచ్చాక జ్వరమొస్తే ఎక్కడికెళ్ళారో డాక్టర్‌కి చెప్పండి. ఒళ్ళునొప్పులకి బ్రూఫెన్, ఆస్పిరిన్ వెయ్యకూడదు, రక్తస్రావం ప్రమాదం, పారాసిటమాలే. డెంగ్యూకి చేసే ఎన్ఎస్1 రక్తపరీక్ష పాజిటివ్ వచ్చింది. చుట్టాలందరూ బొప్పాయి ఆకు రసం అని ఫోన్లు.

ఐదో రోజుకి జ్వరం తగ్గింది, వీడు ఆఫీసుకి తయారయ్యాడు. డాక్టర్ ఒప్పుకోలేదు, జ్వరం దిగిన తర్వాత ఒకటి రెండు రోజులే అసలు జాగ్రత్తగా చూడాలి, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకురమ్మన్నాడు. ఆ రెండు రోజులూ వీడు షూ వేసుకోబోయినప్పుడల్లా అత్తయ్య లీటర్ సీసాలో కొలిచి కలిపిన ఓఆర్ఎస్ పట్టుకుని గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.