సార్వా నుంచి దాళ్వా దాకా మేం చదివినవి

పెనుగొండ చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళం కొంతమందిమి కలిసి ఒక పుస్తకం అనుకుని, ఎవరింట్లో వాళ్ళం చదువుకుని, ఆదివారం సాయంత్రం ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటున్నాం. ఏది బాగా నడిచింది, ఏది నడవలేదు అన్నది రాసిపెడుతున్నాను. మీ ఊళ్ళో ఎవరైనా ఇలాంటిది మొదలెట్టాలనుకుంటే పనికొస్తుంది.

ముందు టైమ్ సంగతి. మాలో సగం మంది వ్యవసాయం వాళ్ళు కాబట్టి ఊడుపులప్పుడు, మాసూళ్ళప్పుడు నవల పెట్టుకోవడం లేదు, ఆ రోజుల్లో కథలే. ఎండాకాలం కాలువలు కట్టేశాక మాత్రం ఎంత లావు పుస్తకమైనా పర్లేదు.

సార్వా (ఖరీఫ్) ఊడుపులప్పుడు శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి 'వడ్లగింజలు' తీసుకున్నాం. పేరుకి కథే గానీ చాలా పెద్దది, ఒక్క సాయంత్రంలో అవ్వదు. శ్రీపాద వారిని మనసులో చదువుకుంటే సగమే అందుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆయన కథంతా మాటల మీదే నడుస్తుంది, ఎవరు ఎవరితో ఏ స్వరంలో అన్నారో వినపడితే గానీ ఆ మాటలో ఉన్న పొగరూ, గడుసుతనమూ, అభిమానమూ తెలియవు. అందుకని పాత్రలు పంచుకుని పైకే చదివాం. కథలో ముఖ్యమైన కుర్రాడు శంకరప్ప మాటలు మాలో డిగ్రీ చదివే కుర్రాడికిచ్చాం. మొదట్లో తడబడ్డాడు గానీ పెద్దాపురం దివాణం దగ్గరికొచ్చేసరికి మేమందరం మాట్లాడకుండా వింటున్నాం.

చదరంగంలో గెలిస్తే ఏం కావాలంటే శంకరప్ప మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, అలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్ళకీ వడ్లగింజలు కావాలంటాడు కదా, అక్కడ మా రైతు బాబాయి గారు పుస్తకం మూయించేశారు. "ఆగండ్రా, ముందు లెక్క తేల్చండి, తర్వాత చదువుదాం" అన్నారు. మా పక్కనున్న మార్టేరు వరి పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకమే, అంటే ఎంటీయూ 7029, ఆయన ఇంట్లో ఉంది. వెయ్యి గింజలు లెక్కపెట్టి బంగారం తూచే చిన్న కాటాలో వేస్తే దగ్గరదగ్గర 20 గ్రాములు. ఇక అక్కడ్నుంచి కాగితం మీదే. పదకొండో గడికి గుప్పెడు కూడా లేవు. ఇరవై ఒకటో గడికి 20 కేజీలు దాటింది. ఇరవై మూడో గడికి 75 కేజీల బస్తా నిండి ఇంకా మిగిలింది. ముప్ఫై ఒకటో గడికి 21 టన్నులు, అంటే మా వైపు మంచి పంటొస్తే ఏడెనిమిది ఎకరాల దిగుబడి. బోర్డు సగం కూడా అవ్వలేదింకా! మొత్తం 64 గళ్ళకీ గింజల సంఖ్య 20 అంకెలు, బరువు సుమారు 37 వేల కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండించేది 80 కోట్ల టన్నులకి అటూ ఇటూ కాబట్టి నాలుగు వందల ఏళ్ళ పైమాటే.

ఆ లెక్క అయ్యాక మళ్ళీ చదివితే శంకరప్ప వేరేగా కనిపించాడు. అంతకుముందు 'తెలివైన కుర్రాడు' అనుకున్నవాళ్ళమే, ఇప్పుడు అతను అంత పెద్దవాళ్ళ ఎదుట నిలబడి ఆ కోరిక కోరడానికి ఎంత గుండె ధైర్యం కావాలో మాట్లాడుకున్నాం. వరి పండించే చోట 'గింజలే కదా' అని ఎవరైనా తేలిగ్గా తీసుకుంటారా లేదా అన్న దాని మీద రాత్రి తొమ్మిది దాకా వాదన. ఈ ఏడాది మా చదువుల్లో నాకు బాగా ఇష్టమైన సాయంత్రం అదే.

తర్వాత కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ 'అమృతం కురిసిన రాత్రి'. ఆయనది తణుకు పక్కన మండపాక, ఆ పేరు చెప్పగానే అందరూ సరే అన్నారు. కానీ కవిత్వం సంపుటం మొత్తం ఒకేసారి పెట్టుకోకండి. ఒక్క 'తపాలా బంట్రోతు' కవిత మీదే బాగా మాట్లాడుకోగలిగాం, సైకిల్ మీద ఊళ్ళు తిరిగి ఉత్తరాలు పంచిన ఆయన మాలో ఉన్నారు కాబట్టి. మిగతావాటికి 'బాగుందండి' దాటి మాట రాలేదు.

ఎండల్లో మహీధర రామమోహనరావు గారి 'కొల్లాయి గట్టితేనేమి'. సహాయ నిరాకరణ రోజులు, గాంధీ పిలుపు విని చదువు మానేసిన రామనాథం, ముంగండ అగ్రహారం. మాస్టారు గారేమో ఇది స్వాతంత్ర్య పోరాటం నవల అంటారు, నేను కాదంటాను. ఇందులో అసలు పోరాటం ఇంటి అరుగుల మీద, ఆచారం పేరుతో సొంతవాళ్ళు బిగించే కట్టుబాట్లతో జరుగుతుంది, బయట దొరని ఎదిరించడం కన్నా అది కష్టం. ఎవరూ తగ్గలేదు. చివరికి సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం మీదుగా ముంగండ వెళ్ళి ఆ వీధులు చూసొచ్చాం. దారి పొడవునా కార్లో కూడా అదే వాదన.

కొన్ని పద్ధతులు మాకు కుదిరాయి. వచ్చేవాళ్ళు ఒక పేజీకి గుర్తు పెట్టుకుని రావాలి, అభిప్రాయం ఏదైనా ముందు ఆ వాక్యం చదివి వినిపించాకే చెప్పాలి. దీనివల్ల 'నాకు నచ్చలేదు' అని ఊరుకునే వీలు లేకుండా పోయింది. అత్తయ్య గారికి చిన్న అక్షరాలు కనపడవు, ఆవిడ కోసం అధ్యాయానికొకరం ఫోన్లో చదివి రికార్డు చేసి వాట్సాప్‌లో పెడుతున్నాం, నిజానికి అందరికన్నా శ్రద్ధగా వినేది, పాయింట్లు గుర్తుపెట్టుకునేదీ ఆవిడే. పుస్తకాలు ఇద్దరికొకటి చొప్పున కొంటున్నాం, దొరకనివి లైబ్రరీ నుంచి.

ఇప్పుడు కందుకూరి వారి 'రాజశేఖర చరిత్రము' మీద పడ్డాం. 1878లో వివేకవర్ధని పత్రికలో మొదలై 1880లో పుస్తకమైంది. ధవళేశ్వరం వర్ణనతోనే మొదలవుతుంది. పాత గ్రాంథికం కదా అని కుర్రాళ్ళు టెన్షన్ పడుతుంటే మొదటి ప్రకరణం మాస్టారు గారు చదివి విడమర్చి చెప్పేటట్టు అనుకున్నాం. బంగారం చేసిపెడతానని బైరాగి మోసం చేసే చోటికి అందరం సొంతంగా చదువుకుని రావాలి. ఫోన్లో వచ్చే 'డబ్బు రెట్టింపు' మెసేజ్‌ల గురించి మాట్లాడేవాళ్ళు మాలో చాలామందే ఉన్నారు, ఆ ఆదివారం కాస్త తొందరగా, నాలుగింటికే మొదలెడుతున్నాం.