ప్రీమియంలో తేడా

పోయిన ఆదివారం మల్కాజ్‌గిరిలో ఒకరింటికి టర్మ్ పాలసీ (గడువులోగా మనిషి పోతేనే ఇంట్లోవాళ్ళకి డబ్బొచ్చే జీవిత బీమా) పనిమీద వెళ్ళాను. భార్యాభర్తలిద్దరికీ 31 ఏళ్ళే, ఇద్దరూ సాఫ్ట్‌వేరే. చెరో కోటికి లెక్కేసి చూపిస్తే అబ్బాయి మొహం మాడింది.

“తనకి తక్కువ, నాకెక్కువా? ఇది వివక్ష కాదా ఆంటీ?”

“ఆడవాళ్ళు ఎక్కువ కాలం బతుకుతారు నాన్నా” అన్నాను. ఇరవై ఏళ్ళుగా చెప్పే మాటే. ఈసారి వాళ్ళ నాన్నగారు పేపరు మడిచి అందుకున్నారు. “బతకరూ మరి! వాళ్ళకేం టెన్షన్లుంటాయి? దేవుడే అలా పుట్టించాడు.”

“మామయ్యా, ఇది పచ్చి సెక్సిజం” అంది కోడలు. “నా ప్రీమియం ఎక్కువుండటం కూడా సెక్సిజమే” అన్నాడు కొడుకు. మధ్యలో నేను, చల్లారిపోయిన టీ.

దేవుడి సంగతి మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు. 1970-75లో మన దేశంలో సగటు ఆయుర్దాయం మగవాళ్ళకి 50.5 ఏళ్ళు, ఆడవాళ్ళకి 49. అంటే ముందు పోయింది ఆడవాళ్ళే. మా అమ్మమ్మ ఎనిమిది కాన్పులూ ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదే. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిందే ఆవిడ భోజనం. ఎనభైల మొదట్లో లెక్క తిరగబడింది. 2016-20కి మగవాళ్ళకి 68.6, ఆడవాళ్ళకి 71.4. ఇంతలో ఆడవాళ్ళ ఒళ్ళేమన్నా మారిపోయిందా?

ఒంట్లో తేడా అసలే లేదనను. ముట్లు ఆగేదాకా ఈస్ట్రోజన్ అనే హార్మోన్ గుండెకి కొంత కాపలా కాస్తుంది. కానీ జర్మనీలో బవేరియా మఠాల్లోని సన్యాసులనీ సన్యాసినులనీ పోల్చి చూస్తే, ఇద్దరి ఆయుష్షుకీ తేడా ఏడాది దగ్గరే వచ్చింది. ఒకే రకం తిండి, ఒకే రకం దినచర్య. మిగతా తేడా ఎక్కడిదో నాకు క్లెయిమ్ ఫైళ్ళలో కనిపిస్తూనే ఉంటుంది: సిగరెట్లు, మందు, హెల్మెట్ మోచేతికి తగిలించుకుని నడిపే బండి, ఛాతీలో నొప్పిని గ్యాస్ అనుకుని పడుకోవడం. నేను చెక్కులు అందించింది ఎక్కువగా భార్యలకీ తల్లులకీ.

ఆ ఎక్కువ ఏళ్ళేమీ లాటరీ కాదు లెండి. మా అత్తయ్యకి 78. మోకాళ్ళు పనిచేయవు, మామయ్య పోయాక వచ్చే ఫ్యామిలీ పెన్షన్ సగానికి తగ్గింది. సాయంత్రం మా అపార్ట్‌మెంట్ బెంచీ మీద ఏడుగురు బామ్మలుంటే ఒక్క తాతగారుంటారు. ఆయనే అందరికీ బీపీ చూస్తారు.

అబ్బాయి వాదనలోనూ పసలేకపోలేదు. యూరోపియన్ యూనియన్‌లో 2012 డిసెంబర్ నుంచి కొత్త పాలసీల్లో ఆడా మగా తేడాతో ప్రీమియం వేయకూడదు. అక్కడి కోర్టు తీర్పు అది. చెప్పగానే “చూశారా!” అని తొడకొట్టినంత పని చేశాడు.

సరే, ఫారం నింపుదామని కూర్చున్నాం. పొగాకు అలవాటు ఉందా అన్న ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. భార్య అతని వైపే చూస్తోంది.

“రోజుకి రెండే ఆంటీ” అన్నాడు గొంతు తగ్గించి. “అది కూడా ఆఫీసులో.”

పక్క గదిలోంచి పేపరు చప్పుడు ఆగింది.