ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చిహ్నాన్ని చిత్రించిన నా అనుభవం

1926లో బెజవాడలో ప్రారంభమై 1930లో వాల్తేరుకు తరలిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) శతాబ్ది సందర్భంగా, అమలాపురంలోని పూర్వవిద్యార్థులం ఒక సభ తలపెట్టి, వేదిక మీద నిలపడానికి ఆ సంస్థ చిహ్నాన్ని పెద్దదిగా చిత్రించాలనుకున్నాం. డ్రాయింగు మాస్టారుగా పనిచేసినవాణ్ని కనుక ఆ బాధ్యత నాకు అప్పగించారు. 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు గోదావరి జిల్లాల డిగ్రీ కళాశాలలు చాలావరకు వాల్తేరు పరిధిలోనివే కాబట్టి, మా పట్టాల మీద ఉన్నది ఆ ముద్రే.

పట్టా మీది ముద్రను ఫ్లెక్సీగా పెద్దది చేయిస్తే గీతలు అలుక్కుపోయాయి. అందుచేత పాత పద్ధతిలో గళ్లు గీసి ప్లైవుడ్ పలక మీదికి ఎక్కించాను. అయితే ఏ గీత దేనికి గుర్తో తెలియకుండా పెద్దది చేస్తే ఏది ప్రధానమో ఏది అలంకారమో చేతికి తెలియదు. కనుక ముందు అర్థాలు సేకరించుకున్నాను.

మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారి మార్గదర్శకత్వంలో కౌతా రామమోహనశాస్త్రి గారు ఈ చిహ్నాన్ని రూపొందించారు. ఉదయిస్తున్న సూర్యుడు విశ్వవిద్యాలయం, కిరణాలు అందులోని అధ్యయన శాఖలు. ఏ శాఖా తక్కువ కాదు కనుక కిరణాలన్నింటికీ ఒకే మందం ఉంచాను. నడుమనున్న స్వస్తికం శుభాశీస్సుకు గుర్తు. పద్మం లక్ష్మీ సరస్వతులిద్దరికీ ఆసనం. వారిద్దరూ ఒకచోట ఇమడరని మనవైపు అనుకునే మాటను ఆ ఒక్క పువ్వుతో కాదన్నారనిపించి, రేకుల మీద ఎక్కువ శ్రమపడ్డాను.

చిక్కంతా చిహ్నంలోని రెండు పాములతో వచ్చింది. "వేదిక మీద అంతంత పాములేమిటండీ మాస్టారూ, కాస్త చిన్నవి చేసేద్దురూ" అని సభ పెద్దలలో ఒకరు పట్టుబట్టారు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఊళ్లో ఈ అభ్యంతరమేమిటో నాకు బోధపడలేదు. ఆ రెండు పాములూ జ్ఞానాన్ని అన్వేషించేవారికీ దాన్ని కాపాడేవారికీ సంకేతాలని వివరించాను. మన కథల్లో నిధికి కాపలా ఉన్న పాము ఎవరినీ దరిచేరనివ్వదు. ఇక్కడ మాత్రం కాపలా కాసేదీ వెతుక్కుంటూ వచ్చేదీ ఒకే జాతి కావడం వల్ల, నేటి విద్యార్థే రేపటి సంరక్షకుడన్న భావం నాకు స్ఫురించింది. ఆ పెద్దమనిషి పూర్తిగా ఒప్పుకోకపోయినా కొలతలను మార్చమని మళ్లీ అడగలేదు.

చిహ్నంలో ధ్యేయవాక్యంగా ఉన్న "తేజస్వి నావధీతమస్తు" అన్న ఉపనిషద్వాక్యాన్ని, తడి రంగుకు చెయ్యి తగలకుండా, అన్నిటికన్నా చివర రాశాను. గురుశిష్యులు తమ చదువు తేజోవంతం కావాలని కలిసి కోరుకునే శాంతిమంత్రంలోనిది ఆ వాక్యం. పలక కింద అతికించిన వివరణలో మిగతా భాగాలకు ఒక్కొక్క వాక్యమే రాసి, పాములకు మాత్రం ఒక పేరా కేటాయించాను.