పల్లపు పేటలో ఇల్లు: నా అనుభవం

మాది కోనసీమ. గోదావరి పాయ అయిన వైనతేయ ఏటిగట్టుకి లోపలివైపు, ఊరు మొత్తానికి పల్లంలో ఉన్న పేట. గట్టు తెగితే తప్ప ఏరు నేరుగా మా మీదకి రాదు. మా బాధంతా వాన నీళ్ళు, మురుగు ఏట్లోకి పోయే కోడుతో. ఏరు నిండుగా ఉన్నప్పుడు కోడు ఏట్లో కలిసేచోట ఉన్న స్లూయిజు తలుపులు దించేస్తారు. ఇక పడిన వాన పడినట్టే ఉండిపోయి మా ఇళ్ళలోకి వస్తుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మా తాటాకింట్లో మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని కూర్చున్నాం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను చూసిన మా అత్తమ్మకి ఇదో లెక్క కాదు. "ఇల్లు ఎగిరిపోలేదు కదే, తడిసిందంతే" అంది.

మా ఆయన కొబ్బరి దింపు పనికి వెళ్తారు. నేను అమలాపురంలో జిరాక్స్ షాపులో టైపింగు చేస్తాను. ఇల్లు కట్టుకోవాలని పెళ్ళయినప్పటి నుంచీ ఉంది, అప్పు పుడితేగా! మాది మూడు సెంట్ల డి-ఫారం పట్టా, అంటే ప్రభుత్వం పేదలకిచ్చిన స్థలం. ఒక బ్యాంకులో అడిగితే స్థలం పాత దస్తావేజులు (లింకు డాక్యుమెంట్లు), దాని మీద అప్పుల్లేవని చూపే ఈసీ, ప్లాన్ అప్రూవల్ తెమ్మన్నారు. మా దగ్గర ఉన్నది మడతల్లో చిరిగిన పట్టా కాగితం ఒక్కటే. అసైన్డ్ భూముల చట్టం పేరు చెప్పి మర్యాదగానే వెనక్కి పంపారు. బయట తెద్దామంటే నూటికి మూడు రూపాయల వడ్డీ. పల్లెల్లో ఇల్లు కట్టుకునేవాళ్ళకి కేంద్ర పథకం పీఎంఏవై గ్రామీణ్ కింద వచ్చే సాయం అప్పట్లో మైదాన ప్రాంతాల్లో 1.20 లక్షలు, దానికి తోడు ఉపాధి హామీలో 90 పనిదినాల కూలి. మెరక ప్రాంతంలో ఆ డబ్బుతో గోడలు లేస్తాయేమో గానీ మా దగ్గర మట్టి తోలకానికీ పునాదికీ సరిపోతే గొప్ప. మా వీధిలో పునాది దాకా కట్టి ఆగిపోయి, పిచ్చి మొక్కలు మొలిచిన ఇళ్ళు అప్పటికే ఉన్నాయి.

డ్వాక్రా మీటింగ్‌లో ఉండగా ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు వచ్చి చెప్పారు: ప్రభుత్వ సాయానికి తక్కువ పడిన డబ్బు వడ్డీ లేకుండా మేమిస్తాం, నెలనెలా తీర్చండి, కానీ మీరూ పని చెయ్యాలి, మీ ఇంటికే కాదు, పక్కవాళ్ళ ఇంటికి కూడా. ఈ పద్ధతి ఎక్కడిదో తర్వాత తెలుసుకున్నాను. 1976లో అమెరికాలోని జార్జియాలో ఫుల్లర్ దంపతులు మొదలుపెట్టిన హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ ఇలాగే నడిచింది. లాభం చూసుకోకుండా ఇల్లు, ఇంటివాళ్ళ చేతిపని, తీర్చిన వాయిదాలు మళ్ళీ ఇంకొకరి ఇంటికి. మన దేశంలో వాళ్ళు మొదట అడుగుపెట్టింది మన ఖమ్మంలోనే, 1983లో. మా దగ్గరికి వచ్చింది ఆ సంస్థ కాదు, పద్ధతి మాత్రం అదే.

దరఖాస్తు రాయడం నాకు కష్టం కాలేదు, రోజూ చేసే పనే. పేటలో సగం ఫారాలు నేనే నింపాను. పట్టాలో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో ఇంటిపేరు ఉన్నవాళ్ళకే ఎక్కువ ఆలస్యమైంది. పట్టా చనిపోయిన మామగారి పేరు మీద ఉంటే ఇంకా ఆలస్యం. ముందు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుని అప్పుడు దరఖాస్తు పెట్టుకోండి.

తర్వాత ఇంటికొచ్చి సర్వే చేశారు. వచ్చినావిడ మా అత్తమ్మ ముందే "మీ ఆయన మందు ఖర్చు నెలకెంతండి?" అని అడిగేసింది. ఎవరో చుట్టం పిలిచినట్టు మా ఆయన బయటికి వెళ్ళిపోయారు. అది నవ్వులాటగా గడిచిపోయింది గానీ వాయిదా దగ్గర మాత్రం నేను గట్టిగా కూర్చున్నాను. ఏడాది ఆదాయం కలిపి పన్నెండుతో భాగించి, అందులో ఇంత వాయిదా అన్నారు వాళ్ళు. దింపు పనికి ఆ లెక్క పనికిరాదు. వానల్లో చెట్టు పాకుడు పట్టి ఉంటుంది, ఎక్కనివ్వరు. కొబ్బరి ధర పడిపోతే రైతులు దింపే వాయిదా వేస్తారు. "సరాసరి కాదండి, శ్రావణ మాసంలో మా చేతికి ఎంతొస్తుందో అది చూసి వాయిదా కట్టండి" అన్నాను. వాయిదా తగ్గింది, గడువు పెరిగింది. ఇలాంటి రుణం తీసుకునే కూలి కుటుంబాలు అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదేనని ఇప్పటికీ అంటాను.

చేతిపనికి ఒక గంటల పుస్తకం పెట్టారు. పేట కుర్రాడే ఒకడు రాసేవాడు. రోజు కూలి మానుకుని వేరేవాళ్ళ ఇంటికి ఇటుకలు మొయ్యడమంటే కడుపు మండదా? మండింది. పైగా మొదట్లో ఆడవాళ్ళు పనివాళ్ళకి వండి పెట్టినది, గోడలు గట్టిపడటానికి క్యూరింగ్ నీళ్ళు కొట్టినది పుస్తకంలో రాయలేదు. పని అంటే మట్టి తట్టేనట. డ్వాక్రా గ్రూపు మొత్తం ఒక పూట పొయ్యి ముట్టించకుండా కూర్చున్నాం. మధ్యాహ్నానికల్లా వంట గంటలు కూడా పుస్తకంలోకి ఎక్కాయి.

అసలు గొడవ మట్టం దగ్గర మొదలైంది. మా దగ్గర ఇల్లు కట్టేవాడు ముందు స్థలాన్ని మెరక చేసుకుంటాడు. చేతిలో డబ్బులుంటే నాలుగడుగులు, లేకపోతే అడుగున్నర. పంచాయతీ వాళ్ళు పాత సీసీ రోడ్డు మీదే కొత్తది పోస్తారు, అది ఇంకో అరడుగు లేస్తుంది. చివరికి పాత ఇళ్ళన్నీ గుంటలో మిగులుతాయి. ఒకడి మెరక పక్కవాడికి చెరువు.

సంస్థ తరఫున వచ్చిన ఇంజనీరుగారు కాగితాలు పక్కన పెట్టి, నీళ్ళు నింపిన సన్నటి ట్యూబు తెచ్చారు. తాపీమేస్త్రుల దగ్గర ఉండేదే. రామాలయం గోడ మీద 2022 వరద మరక ఇంకా ఉంది. ట్యూబు ఒక కొస అక్కడ పట్టుకోమని మా ఆయనకిచ్చి, రెండో కొస పట్టుకుని వీధిలో నడిచారు. ట్యూబులో నీళ్ళు ఊగి ఊగి నిలిచిన చోట ప్రతి ఇంటి గోడ మీదా, లేదా కొబ్బరిచెట్టు మీదా ఎర్ర రంగుతో గీత గీశారు. మా గుమ్మం దగ్గర గీత నా మోకాలి పైకి వచ్చింది. చివరనున్న మామ్మగారి పెంకుటింటి దగ్గర కిటికీ దాకా వచ్చింది. ఆవిడ ఈ స్కీములో లేరు. వయసు పైబడి వాయిదాలు కట్టలేనని దరఖాస్తే పెట్టలేదు.

"మీరంతా కొండెక్కి కూర్చోండమ్మా, నేను మీ నీళ్ళన్నీ తాగుతాను" అన్నారావిడ. అన్నదాంట్లో తప్పేముంది?

ఆ రాత్రి రామాలయం అరుగు మీద పెద్ద పంచాయితీ. మెరక ఎంత ఉండాలన్నది ఎర్రగీత తేల్చింది: గీత మీద ఇంకో అడుగు, అందరికీ ఒకటే మట్టం, డబ్బులున్నా ఎక్కువ లేపకూడదు. నీళ్ళు పోవడానికి ప్రతివాళ్ళూ పెరటి వైపు ఒక అడుగు స్థలం వదిలితే డ్రెయిన్ వేసి కోడులో కలపొచ్చన్నారు ఇంజనీరుగారు. మూడు సెంట్లలో అడుగు వదలమంటే ప్రాణం పోయినట్టుంటుంది. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళని ఒప్పించింది పెద్దలెవరూ కాదు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళే. పట్టాలు వాళ్ళ పేరు మీదే ఉన్నాయి మరి. మామ్మగారి ఇంటి లోపలి గచ్చు లేపి, పొయ్యి మెరక చేసి, గుమ్మం ముందు గట్టు కట్టాలని తీర్మానం. ఆ ఖర్చు ఎవరి రుణంలోనూ పడలేదు, పని మాత్రం అందరి గంటల్లో పడింది.

వేసవిలో చెరువు తవ్విన మట్టి తోలించాం. నల్లమట్టి ఒక్క ట్రక్కు కూడా పోయనివ్వలేదు మేస్త్రిగారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పైనున్న గోడ దాంతో పాటే ఊగుతుంది. పొర పొరకీ నీళ్ళు కట్టి దిమ్మిసతో కొట్టాం. పునాదికి మామూలు కందకం తవ్వలేదు. చేత్తో తిప్పే ఆగర్ అనే తవ్వుడు బరమాతో బోర్లు తీసి, అడుగున గుల్లని వెడల్పు చేసి, రాడ్లు దించి కాంక్రీటు పోశారు. నల్లరేగడి కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతి ఇది. అడుగున ఉబ్బెత్తు ఉండబట్టి మట్టి పైకి నెట్టినా పైలు, అంటే ఆ కాంక్రీటు స్తంభం, కదలదట. పైళ్ళ మీద పోసిన బీము కింద కాస్త ఖాళీ కూడా వదిలారు. వేసవిలో అయితేనే ఈ పని. తొలకరి పడితే బోరులో ఊట నీళ్ళు నిండి మట్టి జారిపోతుంది.

గోడల దగ్గర మేస్త్రిగారికీ ఇంజనీరుగారికీ పడలేదు. ఇటుకని నిలబెట్టి మధ్యలో గుల్ల వదిలే కట్టుబడి ఉంది, కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ బాగా వాడుకలోకి తెచ్చింది. ఇటుక దాదాపు పాతిక శాతం కలిసొస్తుంది, ఇల్లు చల్లగా ఉంటుంది. "ఆయ్, చల్లగానే ఉంటదండి, వరదొస్తే గుల్లలో నీళ్ళు ఎవరు తోడతారండి?" అన్నారు మేస్త్రిగారు. చివరికి కిటికీ మట్టం దాకా మామూలు కట్టుబడి, పైన గుల్ల కట్టుబడి. నాకు మేస్త్రిగారి మాటే సబబనిపించింది.

వలంటీర్ల గురించి చెప్పాలి. చుట్టుపక్కల కాలేజీల నుంచి ఎన్ఎస్ఎస్ పిల్లలు వచ్చేవారు. ఉన్నమాట చెప్తున్నా, పని తెలిసినవాళ్ళు కాదు. పొద్దున సెల్ఫీలు, మధ్యాహ్నానికి చేతులకి బొబ్బలు. ఇటుకలు అందించమంటే బారుగా నిలబడి చకచకా అందించేవారు, తాపీ పట్టుకుంటే మాత్రం మేస్త్రిగారు తల పట్టుకునేవారు. డ్రెయిన్ తవ్వకం చాలా వరకు వాళ్ళదే. మొలలోతు బురదలో దిగారు, జలగలు పట్టినా కేకలు వేశారే గానీ పైకి రాలేదు. ఇంకో లాభం మేం అనుకోనిది. ఎవరి పిల్లలో వచ్చి మన బురద ఎత్తుతుంటే రావిచెట్టు కింద పేకాడుకునే మన మగాళ్ళకి సిగ్గేసింది. రెండో వారానికి పేకలు కనబడలేదు.

స్లాబు రోజు మిక్సర్ తెల్లవారుజామునే మొదలై చీకటి పడ్డాక ఆగింది. మబ్బు పట్టి టెన్షన్ పెట్టింది గానీ వాన పడలేదు. ఇల్లు మొత్తం 270 చదరపు అడుగులకి కాస్త ఎక్కువ. ఒక గది, వంటిల్లు, వరండా, బాత్‌రూమ్. ప్రభుత్వం బిల్లులు పునాదికి, లింటెల్‌కి, స్లాబుకి ఫోటోలు తీసుకుని విడతలవారీగా వేస్తుంది. ఆ మధ్యలో ఆగకుండా నడిపించింది సంస్థ డబ్బే. మాఘమాసంలో పాలు పొంగించాం. అత్తమ్మ మాత్రం ఇప్పటికీ వరండాలోనే పడుకుంటుంది, లోపల ఉక్కగా ఉందట.

వాయిదాలు కడుతున్నాం. పేటలో ఒకాయన చెట్టు మీంచి పడి నడుం దెబ్బతింది, కొన్ని నెలలు కట్టలేకపోయారు. మాఫీ చెయ్యమని కొందరు, చేస్తే రేపు అందరూ పడిపోతారని కొందరు. వాయిదాలు వెనక్కి జరిపారు, మాఫీ చెయ్యలేదు. నేను వెనక్కి జరపాలనే వైపే చెయ్యెత్తాను. ఆయన భార్య నాతో సరిగా మాట్లాడదు.

ఇళ్ళు నిలిచాయి గానీ డ్రెయిన్ కోడులో కలిసే చోట గుర్రపుడెక్క కమ్మేసింది. తీయించమని పెట్టిన అర్జీకి రసీదు వచ్చింది, మనుషులు రాలేదు. తొలకరికి ముందు మేమే దిగుదామని డ్వాక్రా మీటింగ్‌లో అనుకున్నాం, వచ్చే ఆదివారం. గంటల పుస్తకం మూసేసి చాలా కాలమైంది కాబట్టి ఈ పని ఎవరి లెక్కలోనూ పడదు. ఎంతమంది వస్తారో చూడాలి. కత్తులు, పారలు మాత్రం మామ్మగారి అరుగు మీద పెట్టమన్నాం.