బ్లడ్ కల్చర్: ప్రయోగశాలకు చేరకముందే తేలిపోయే పరీక్ష

రక్తంలో బ్యాక్టీరియా వంటి సూక్ష్మజీవులు ఉన్నాయేమో తెలుసుకోవడానికి, రక్తాన్ని పోషక ద్రవం ఉన్న బాటిల్‌లో పోసి వాటిని పెరగనిచ్చే పరీక్షే బ్లడ్ కల్చర్. నేను మైక్రోబయాలజీ ప్రయోగశాలలో పనిచేస్తాను. వార్డుల నుంచి వచ్చే కల్చర్ బాటిళ్లను అందుకొని యంత్రంలో పెట్టడం, వాటిలో ఏదైనా పెరిగితే అది ఏ సూక్ష్మజీవో, ఏ మందుకు లొంగుతుందో తేల్చి చెప్పడం నా పని. అయితే ఈ పరీక్ష ఎంతవరకు నమ్మదగినదన్నది చాలావరకు బాటిల్ మా దగ్గరకు రాకముందే, రోగి మంచం పక్కనే నిర్ణయమైపోతుంది. అక్కడ జరిగిన లోపాన్ని ఎంత మంచి యంత్రమైనా తర్వాత సరిదిద్దలేదు. అందువల్ల ఇది ముఖ్యంగా రక్తం తీసే నర్సులను, ఫ్లెబాటమిస్టులను, కొత్తగా విధుల్లో చేరిన వైద్యులను ఉద్దేశించి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది రక్త పరిమాణం గురించి. పెద్దవారిలో ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి, మనిషి తీవ్రంగా జబ్బుపడినప్పుడు కూడా, ఒక మిల్లీలీటరు రక్తంలో బతికున్న బ్యాక్టీరియా ఒక్కటైనా ఉండకపోవచ్చు. చక్కెర, హిమోగ్లోబిన్ వంటి పరీక్షలకు కొన్ని చుక్కలు చాలు, ఎందుకంటే ఆ పదార్థాలు ప్రతి చుక్కలోనూ ఒకే మోతాదులో ఉంటాయి. కల్చర్‌లో మాత్రం మనం వెతుకుతున్న జీవి తీసిన రక్తంలోకి అసలు వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. కనుక పెద్దవారికి ఒక్కో బాటిల్‌లో 8 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున, ఏరోబిక్ బాటిల్ (ఆక్సిజన్‌తో పెరిగే జీవుల కోసం) ఒకటి, అనేరోబిక్ బాటిల్ (ఆక్సిజన్ లేకుండా పెరిగేవాటి కోసం) ఒకటి కలిపి ఒక సెట్‌గా తీయాలి. అటువంటి సెట్లు కనీసం రెండు, వీలైతే మూడు, వేర్వేరు చోట్ల నుంచి తీయాలి. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, 24 గంటల వ్యవధిలో తీసిన సెట్లను పరిశీలించినప్పుడు, మొదటి సెట్ ఒక్కటే దాదాపు 73 శాతం కేసులను పట్టుకోగా, రెండు సెట్లతో అది 90 శాతానికి, మూడింటితో 98 శాతానికి చేరింది. ఒకే సెట్ పంపితే నలుగురిలో ఒకరి జబ్బు మన కళ్లముందు నుంచే జారిపోతుందన్నమాట.

ఇంత రక్తం ఎందుకని రోగి బంధువులు ఆందోళన పడతారు. వారి ఆందోళన న్యాయమైనదే, దానికి ఓపికగా సమాధానం చెప్పాలి. రెండు సెట్లకు కావలసినది దాదాపు 40 మిల్లీలీటర్లు. రక్తదానంలో ఒక్కసారికే 350 మిల్లీలీటర్లు లేదా అంతకంటే ఎక్కువ తీస్తారు. పిల్లల విషయం వేరు. వారికి శరీర బరువును బట్టి పరిమాణం నిర్ణయించాలి, పిల్లల కోసం తయారుచేసిన చిన్న బాటిళ్లను వాడాలి. మరొక వైపు, బాటిల్‌లోని శూన్యపీడనం తనంతట తానే సరైన చోట ఆగుతుందని అనుకోకూడదు. అది 10 మిల్లీలీటర్లకు మించి కూడా లాగుతుంది, మరీ ఎక్కువైతే తెల్ల రక్తకణాల శ్వాసక్రియలో వెలువడే కార్బన్ డయాక్సైడ్ వల్లనే యంత్రం పాజిటివ్ (సూక్ష్మజీవులు పెరుగుతున్నాయి) అని పొరబడవచ్చు. రక్తం నింపే ముందే లేబుల్ మీద ద్రవం ఉన్న మట్టానికి 10 మిల్లీలీటర్ల పైన పెన్నుతో గుర్తుపెట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ఇక చర్మం. మా ప్రయోగశాల సమయాన్ని, రోగి డబ్బును, వైద్యుడి నిర్ణయశక్తిని అన్నిటికంటే ఎక్కువగా హరించేది చర్మం మీది బ్యాక్టీరియా బాటిల్‌లోకి చేరడమే. కోయాగ్యులేజ్ నెగటివ్ స్టాఫిలోకాకస్, కొరినిబ్యాక్టీరియం, మైక్రోకాకస్ వంటివి సాధారణంగా ఇలా వచ్చేవే. అవి పెరిగాయని తెలియగానే అవసరం లేని వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మొదలవుతుంది, రోగి ఆసుపత్రిలో ఉండే రోజులు పెరుగుతాయి, మళ్లీ రక్తం తీయవలసి వస్తుంది. ఇటువంటి కలుషిత ఫలితాలు 3 శాతం లోపు ఉండాలన్నది చాలాకాలంగా ఉన్న ప్రమాణం. శ్రద్ధగా చేస్తే 1 శాతానికి తగ్గించవచ్చని ఇటీవలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండు చోట్ల నుంచి రెండు సెట్లు తీయమనడానికి ఇదీ ఒక కారణం: ఒకే సెట్‌లో స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ కనిపిస్తే అది చర్మం నుంచి వచ్చిందని చాలాసార్లు ఊహించగలం, రెండు సెట్లలోనూ కనిపిస్తే దాన్ని తీవ్రంగా పరిగణించాలి, ఉన్నదే ఒక్క సెట్ అయితే ఏమీ చెప్పలేక ఊరుకోవాలి. స్టాఫిలోకాకస్ ఆరియస్, ఈ. కోలై, కాండిడా వంటివి మాత్రం ఒక్క బాటిల్‌లో పెరిగినా నిజమైన ఇన్ఫెక్షన్‌గానే చూడాలి.

చర్మాన్ని శుభ్రం చేయడంలో తొందర పనికిరాదు. మొదట టోర్నికే (సిర ఉబ్బేలా చేతికి బిగించే పట్టీ) కట్టి, సిరను వేలితో తడిమి చూసుకోవాలి. ఆ తర్వాత ఆల్కహాల్‌లో కలిపిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో 30 సెకన్ల పాటు గట్టిగా రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరడం అంటే ఊదడమో, దూదితో తుడవడమో కాదు; దానంతట అది ఆరేలోపే సూక్ష్మజీవులు చస్తాయి. పోవిడోన్ అయోడిన్ వాడితే ఇంకా ఎక్కువసేపు, దాదాపు రెండు నిమిషాలు ఆగాలి. రెండు నెలల లోపు శిశువులకు క్లోర్‌హెక్సిడిన్ వాడే ముందు ఆసుపత్రి నియమాలను చూసుకోవాలి. శుభ్రం చేసిన చోటును మళ్లీ వేలితో తాకితే అంతవరకు చేసిన శ్రమంతా వృథా అవుతుంది. బాటిల్ మూత తీయగానే కనిపించే రబ్బరు భాగం చూడటానికి శుభ్రంగా ఉన్నా అది స్టెరైల్ కాదు కనుక, దాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. ముందే పెట్టి ఉన్న ఐవీ క్యాన్యులా నుంచి రక్తం లాగడం సులభమే గాని, అందులో పేరుకున్న సూక్ష్మజీవులు కూడా వచ్చేస్తాయి. సెంట్రల్ లైన్‌లోనే (గుండెకు దగ్గరి పెద్ద సిరలోకి పెట్టిన గొట్టంలోనే) ఇన్ఫెక్షన్ ఉందని అనుమానం ఉన్నప్పుడు మాత్రం లైన్ నుంచి ఒక సెట్, చేతి సిర నుంచి ఒక సెట్ ఒకేసారి, సమానమైన పరిమాణంలో తీసి పంపాలి. లైన్ నుంచి తీసిన బాటిల్ రెండు గంటలు లేదా అంతకంటే ముందుగా పాజిటివ్ అయితే మూలం ఆ లైనే అన్న అనుమానం బలపడుతుంది.

రక్తం ఎప్పుడు తీయాలన్న దానికి సమాధానం చిన్నది: యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందు. జ్వరం పతాక స్థాయికి చేరేదాకా వేచి ఉండనవసరం లేదు. చలి, వణుకు వచ్చేసరికే బ్యాక్టీరియా రక్తంలోకి వచ్చి కొంత సమయం గడిచి ఉంటుంది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీర స్పందన వికటించి అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) అనుమానం ఉంటే రెండు సెట్లనూ వెంటవెంటనే తీసి మందు మొదలుపెట్టాలి, కల్చర్ కోసం మందును 45 నిమిషాలకు మించి ఆపకూడదు.

బటర్‌ఫ్లై సూదితో నేరుగా తీసేటప్పుడు గొట్టంలో ఉన్న గాలి మొదటి బాటిల్‌లోకి పోతుంది కనుక ఏరోబిక్ బాటిల్‌ను ముందు నింపాలి. రక్తం చాలినంత రాకపోయినా దానికే ప్రాధాన్యం ఇవ్వాలి, ఎందుకంటే సూడోమోనాస్, ఈస్ట్ వంటివి అందులోనే బాగా పెరుగుతాయి. ఇతర పరీక్షలకు కూడా రక్తం కావాలంటే కల్చర్ బాటిళ్లు నిండిన తర్వాతే మిగతా ట్యూబుల్లోకి తీయాలి. ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనం ఉన్న ట్యూబులో) మిగిలిన రక్తాన్ని కల్చర్ బాటిల్‌లో పోయడం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు.

నిండిన బాటిళ్లను గది ఉష్ణోగ్రతలోనే ఉంచి, రెండు గంటల్లోపు ప్రయోగశాలకు చేర్చాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మెనింజోకాకస్ వంటి సున్నితమైన జీవులు చలికి చనిపోవచ్చు. త్వరగా పెరుగుతుందన్న మంచి ఉద్దేశంతో వార్డులోని వెచ్చని ఇంక్యుబేటర్‌లో ఉంచడం కూడా ప్రమాదమే. మా యంత్రం బాటిల్ అడుగున ఉన్న సెన్సర్ ద్వారా కార్బన్ డయాక్సైడ్ పెరుగుదలను కొన్ని నిమిషాలకొకసారి గమనిస్తూ ఉంటుంది. వేగంగా పెరిగే దశ బయటే ముగిసిపోతే, నిండా బ్యాక్టీరియా ఉన్న బాటిల్‌ను సైతం అది నెగటివ్ అనుకొని ఐదు రోజులు ఊరికే తిప్పవచ్చు.

లేబుల్‌ను రోగి పక్కనే, బార్‌కోడ్ మీద పడకుండా అంటించి, రక్తం తీసిన సమయం, ఏ చేతి నుంచి లేదా ఏ లైన్ నుంచి తీశారన్నది రాయాలి. దరఖాస్తు ఫారంలో జబ్బు వివరాల గడిని ఖాళీగా వదిలేయడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. రోగికి గుండె కవాటం మార్చారనో, ఇప్పటికే యాంటీబయాటిక్ మొదలైందనో తెలిస్తే మేము ఫలితాన్ని చదివే తీరు మారుతుంది. పశువుల దగ్గర పనిచేసే మనిషికి వారాల తరబడి జ్వరం ఉండి, బ్రూసెల్లా (పశువుల నుంచి మనుషులకు సోకే బ్యాక్టీరియా) అనుమానం వచ్చిందా, అది తప్పకుండా రాయాలి. ఆ జీవి ప్రయోగశాలలో గాలి ద్వారా సిబ్బందికి సోకగలదు, ముందే తెలిస్తే ఆ బాటిల్ నుంచి నమూనా తీసే ప్రతి పనినీ బయోసేఫ్టీ క్యాబినెట్ (గాలిని వడకట్టి సిబ్బందిని కాపాడే పెట్టె) లోపలే చేస్తాము.