మణికరణ్‌లో గంజి పారే చోట

భుంతర్ నుంచి పార్వతి నది వెంబడి 35 కిలోమీటర్లు ఎక్కితే హిమాచల్ ప్రదేశ్‌లోని మణికరణ్. గురుద్వారా దగ్గర మరిగే ఊటలో బియ్యం, శనగలు గుడ్డమూట కట్టి దించుతారు. 1,700 మీటర్ల పైచిలుకు ఎత్తు కాబట్టి ఇక్కడ నీళ్లు 94 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూట పైకి లాగినప్పుడల్లా తెల్లటి గంజి ధారకట్టి నీళ్లలోకి జారుతుంది. మేము వెళ్లింది ఆ గంజి తిని బతికే బాక్టీరియా కోసమే. గంజిలోని స్టార్చ్‌ని విడగొట్టే వాటి ఎంజైము, అమైలేజ్, మాకు కావాలి.

మరిగే చోట బురద తీయడం దండగ. మాకు కావాల్సిన బాసిల్లస్ జాతులు 55–65 డిగ్రీల్లో హాయిగా పెరుగుతాయి. థర్మామీటరు ముంచుకుంటూ దిగువకి నడిచాం. 62 చూపిన చోట రాతి మీద పసుపుపచ్చ జిగురు. అక్కడి పెద్దల్ని అడిగి, శుద్ధి చేసిన సీసాల్లోకి గీకి తీసుకున్నాం. ఐసు అక్కర్లేదు, స్పోర్లు (గడ్డుకాలం గట్టెక్కడానికి ఈ బాక్టీరియా కట్టుకునే గట్టి గుళ్లు) హైదరాబాద్ దాకా మామూలుగానే వస్తాయి.

ల్యాబ్‌లో గ్రాము బురదని 9 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి 80 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచితే స్పోర్లు కట్టనివి చాలావరకు చస్తాయి. మిగిలినవాటిని 1 శాతం స్టార్చ్ కలిపిన అగార్ (నాచు నుంచి తీసే జెల్లీ) మీద 60 డిగ్రీల్లో పెంచాలి. అగార్ మామూలుగా వేసే 1.5 శాతమే వేస్తే తెల్లారేసరికి అప్పడంలా ఎండుతుంది. 2.5 వేసి, ఇంక్యుబేటర్లో నీళ్ల ట్రే పెట్టాలి. స్టార్చ్ ఉన్నచోట నీలం తేల్చే అయోడిన్ పోసేముందు కాలనీలను ఇంకో ప్లేటుకి ఎక్కించుకోవాలి, ప్లేటు పూర్తిగా చల్లారాలి. వేడి మీద నీలం నిలవదు, ప్రతి కాలనీ స్టార్చ్ తిన్నట్టే కనిపిస్తుంది. చల్లారాక పోస్తే, ముదురు నీలంలో చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టు తెల్లటి వలయం. ఎంత చూసినా తనివి తీరదు.

అమైలేజ్ కణం బయటికే వస్తుంది, కణాలు పగలగొట్టే పని లేదు. సెంట్రిఫ్యూజ్ చేసి పైనీరు తీసుకుని, ఐసు మీద కలుపుతూ, మెత్తగా నూరిన అమోనియం సల్ఫేట్ చిటికెడు చిటికెడుగా వేయాలి. ఈ ఉప్పు పెరిగేకొద్దీ ప్రోటీన్లు మడ్డిగా దిగుతాయి. 30 శాతం సంతృప్తతకి దిగిన మడ్డి పారేసి, 70కి దిగింది ఉంచుకోవాలి. తొందరపడి గిలక్కొడితే నురగలో ప్రోటీన్ పాడవుతుంది.

అసలు జాగ్రత్త డయాలిసిస్‌లో, అంటే సన్న రంధ్రాల సంచిలో పోసి ఆ ఉప్పుని బయటికి పంపేటప్పుడు. చాలా అమైలేజ్‌లకి వేడిని ఓర్చే బలం కాల్షియం వల్లే. ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ద్రావణం) వాడితే కాల్షియం తెల్లమడ్డిగా దిగిపోతుంది, లోహాలని పట్టుకునే ఈడీటీఏ ఉంటే అది కాల్షియాన్ని లాగేస్తుంది. ట్రిస్ బఫర్, అందులో 5 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్ మేలు. కాకపోతే ట్రిస్ పీహెచ్ డిగ్రీకి దాదాపు 0.03 చొప్పున పడిపోతుంది. 25 డిగ్రీల్లో 8.0 పెట్టింది 60కి వెళ్లేసరికి 7 దగ్గరుంటుంది. అందుకే ఎంజైము పరీక్ష 60లో అయితే బఫర్ పీహెచ్ కూడా 60లోనే సరిచేయండి.