‘గ్యాస్ పట్టింది సిస్టర్’: ఎమర్జెన్సీ నర్సుల ఇంటర్వ్యూలో ఏం అడగాలి

హైదరాబాద్‌లో ఎమర్జెన్సీ నర్సుల ఇంటర్వ్యూలు చాలావరకు ఒకే తీరుగా సాగుతాయి. ఏ కాలేజీ, ఇంతకుముందు ఎక్కడ చేశారు, ఎందుకు మానేశారు, షాక్ (ఒంట్లో రక్తప్రసరణ పడిపోవడం) ఎన్ని రకాలు, నైట్ డ్యూటీలు కుదురుతాయా, జీతం ఎంత అనుకుంటున్నారు. పావుగంటలో తేలిపోతుంది. షాక్ రకాలు గడగడా అప్పజెప్పినవాళ్లు మానిటర్ మీద బీపీ 80 కనబడితే ముందు ఏం పట్టుకుంటారో మాత్రం ఆ పావుగంటలో తెలియదు. నిర్వచనం అడిగితే బట్టీ పట్టిందే వస్తుంది. ఒక సంగతి చెప్పి, ‘ముందు ఏం చేస్తారు? ఆ తర్వాత?’ అని అడుగుతూ పోండి. పని తెలిసినవాళ్లెవరో వాళ్లు చెప్పే వరసలోనే బయటపడుతుంది.

మొదటి ప్రశ్నగా దీన్నే పెట్టుకోండి. రాత్రి రెండు గంటలు. యాభై దాటిన ఆటో డ్రైవర్ తనంతట తానే నడిచొచ్చి, ‘గ్యాస్ పట్టింది సిస్టర్, ఒక ఇంజెక్షన్ ఇస్తే పోతా’ అంటున్నాడు. చొక్కా చెమటతో తడిసింది. షుగర్ ఉంది. బెడ్లు ఖాళీ లేవు. డ్యూటీ డాక్టర్ లోపల వేరే పేషెంటుకు శ్వాస గొట్టం (ట్యూబ్) వేస్తున్నారు.

మన ఊళ్లో గుండెపోటు తరచు గ్యాస్ పేరుతోనే లోపలికి వస్తుంది. గుండెల్లో మంట అంటారు, ఘబ్రాహట్ అంటారు, ఎడమ చెయ్యి లాగుతోందంటారు. అందుకని గ్యాస్‌కు ఇచ్చే పాంటాప్ ఇంజెక్షన్‌తో మొదలుపెట్టిన అభ్యర్థి ఇక్కడే ఆగిపోయినట్టు. రావాల్సిన జవాబు ఇది: ఇంక నడవనివ్వకుండా కూర్చోబెట్టాలి, కుర్చీలోనైనా సరే పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలి. చాలామంది తీస్తామని చెప్పి ఊరుకుంటారు. ఆ పది నిమిషాల్లోనే ఆ కాగితం డాక్టర్ కళ్లబడాలి, ట్యూబ్ వేస్తున్నా సరే పక్కన నిలబడి చూపించాలి. తర్వాత మానిటర్, కాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం), షుగర్ పరీక్ష. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 90 కంటే తక్కువుంటేనే ఆక్సిజన్.

ఇప్పుడు మెలిక పెట్టండి. ‘ఈసీజీ నార్మల్ వచ్చింది, నొప్పి తగ్గలేదు.’ మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండెపోటు లేదని కాదు. 15 నుంచి 30 నిమిషాల్లో మళ్లీ తీస్తామనాలి. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే తెలిపే రక్తపరీక్ష) కూడా తొలి గంటల్లో నెగెటివ్ రావచ్చని తెలిసుంటే ఇంకా మంచిది.

రెండో మెలిక: రెండోసారి తీస్తే ఈసీజీలో 2, 3, ఏవీఎఫ్ అనే లీడ్లలో ఎస్టీ గీత పైకి లేచింది (గుండెపోటు గుర్తు), బీపీ 90/60, డాక్టర్ హడావుడిలో నాలుక కింద సార్బిట్రేట్ (రక్తనాళాలను వెడల్పు చేసే మాత్ర) పెట్టమన్నారు. గుండె కుడి వైపు దెబ్బతిని ఉంటే ఆ మాత్రతో బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. బీపీ ఎంతుందో చెప్పి, కుడివైపు లీడ్లు పెట్టి తీయమంటారా అని అడిగే నర్సు కావాలి మనకు. ‘డాక్టర్ చెప్పాక ఇవ్వాలి కదా మేడమ్’ అన్నవాళ్లను వార్డుకు తీసుకోండి, కాజువాలిటీకి (ఎమర్జెన్సీకి) వద్దు.

డాక్టర్‌ను ఎలా పిలుస్తారో నోటితో చెప్పించండి. ‘సర్, పేషెంట్ సీరియస్, రండి’ అంటే పని జరగదు. ‘మూడో బెడ్, 52 ఏళ్లు, అరగంటగా ఛాతీ బరువు, చెమటలు, బీపీ 90/60, ఈసీజీలో ఎస్టీ లేచింది, మీరు ఇప్పుడే చూడాలి’ అనేసరికి పది సెకన్లు పట్టదు.

పురుగుల మందు ప్రశ్న తప్పనిసరి. పత్తి చేలున్న జిల్లాల నుంచి రెఫర్ అయ్యేవాళ్లు వచ్చేది ఇక్కడికే. నోట్లో నురగ, గుండుసూది మొనంత కంటిపాపలు, బట్టలకు మందు వాసన. ముందు గ్లవ్స్, ఏప్రన్. ఎడమ పక్కకు తిప్పి సక్షన్. బట్టలు తీసేసి సబ్బునీళ్లతో ఒళ్లంతా, జుట్టు కూడా కడగాలి. జుట్టు మాట వాళ్లంతట వాళ్లు అన్నారో లేదో గమనించండి. గొంతు సంగతి చూడకుండా కడుపు కడగడానికి పైపు ఎత్తుకుంటే తప్పు.

తర్వాత లెక్క: ఈ విషానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాములుంటుంది, 3 మిల్లీగ్రాములు ఇవ్వమంటే ఎన్ని? ఐదు. ఐదు నిమిషాల తర్వాత ఛాతీలో గురగుర తగ్గకపోతే డోసు రెట్టింపు, పది ఆంప్యూల్స్. అప్పటికీ తగ్గకపోతే ఇరవై. ఈ అంకెలు విని కంగారుపడ్డారంటే ఈ కేసు దగ్గరుండి చూడలేదన్నమాట. ఎక్కడ ఆపాలంటే ఊపిరితిత్తులు తేటపడి, నాడి 80 దాటి, పై బీపీ 80 దాటి, చంకలు పొడిబారినప్పుడు. కంటిపాపలు పెద్దవయ్యాయా అని మాత్రమే చూస్తూ కూర్చునేవాళ్లు మోసపోతారు. జ్వరం, అరుపులు, కడుపులో చప్పుడు లేకపోవడం వస్తే డోసు ఎక్కువైందని పోల్చుకోవాలి. మధ్యలో ‘డబ్బా దొరికింది, ఇది పారాక్వాట్ కలుపు మందు, సాచురేషన్ 92’ అని మార్చి చూడండి. అలవాటుగా మాస్క్ పెట్టబోయే చెయ్యి ఆగాలి. పారాక్వాట్‌కు ఆక్సిజన్ తోడైతే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయి.

మిగతా లెక్కలు కాగితం మీద చేయించండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ వాడనివ్వండి, డ్యూటీలోనూ వాడతారు. బీపీ పెంచే నార్ అడ్రినలిన్ 4 మిల్లీగ్రాములు 50 మి.లీ.లో కలిపాం, నిమిషానికి 8 మైక్రోగ్రాములు వెళ్లాలి, మందు ఎక్కించే పంపు మీద ఎంత పెడతారు? గంటకు 6 మి.లీ. ఇంకొకటి: 12 కిలోల బాబుకు జ్వరం, పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున ఎన్ని మి.లీ.? మీరు సీసా బలం చెప్పకండి. ‘ఏ సిరప్ మేడమ్, 125దా 250దా?’ అని తిరిగి అడిగినవాళ్లకే పూర్తి మార్కులు. ఎందుకంటే 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములుండే సీసాలో దాదాపు 7 మి.లీ. అయ్యేది, 250 ఉండేదాంట్లో మూడున్నర.

పొటాషియం క్లోరైడ్ ప్రశ్నకు మాత్రం రెండో అవకాశం లేదు. ‘ఒక ఆంప్యూల్ పుష్ చేసెయ్’ అని ఎవరన్నా చెయ్యకూడదు, గుండె ఆగుతుంది. సెలైన్‌లో కలిపి, చేతి నరం ద్వారా అయితే మామూలుగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లకు మించకుండా పంపు మీద పోవాలి.

భాష సంగతి. ‘దమ్మొస్తుందమ్మా’ అంటే ఆయాసమని అర్థమవుతుందా? దక్కనీలో ‘సాస్ ఫూల్‌రా’ అంటే? అదీ ఆయాసమే. ఉర్దూ ధారాళంగా రానవసరం లేదు, ఇలాంటి పది పదిహేను మాటలు పట్టుకుంటే చాలు. ఇంకోటి, పేషెంటు వెంట పదిహేను మంది అటెండెంట్లు, ఒకడు వీడియో తీస్తున్నాడు, ఇంకొకడు ఎవరో లీడర్‌తో మాట్లాడమని ఫోన్ చేతిలో పెడుతున్నాడు. మీరే అటెండెంట్‌లా అరిచి చూడండి. ‘మీలో ఒకరు నాతో రండి, పది నిమిషాల్లో డాక్టర్ వచ్చి చెప్తారు’ అని ఒకరిని విడదీయడం, సెక్యూరిటీకి సైగ చెయ్యడం, ఒంటరిగా వాదనకు దిగకపోవడం. అంతకంటే అక్కర్లేదు.

యాక్సిడెంట్ కేసుకు అడ్వాన్స్ కట్టలేదని బిల్లింగ్ వాళ్లు ఆపమంటే? అత్యవసర చికిత్స ముందు చెయ్యాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చింది. తీసుకొచ్చినవాళ్లను పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో ఉంది. ఎమ్మెల్సీ (పోలీసులకు తెలియజేయాల్సిన మెడికో లీగల్ కేసు) అయితే బట్టలు కత్తిరించేటప్పుడు కత్తిపోటు కన్నం మీదుగా కత్తెర పోనివ్వకూడదు, ఆరనిచ్చి కాగితం సంచిలో పెట్టాలి, ప్లాస్టిక్‌లో వద్దు, బూజు పడుతుంది.

తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ముందే సరిచూసుకోండి. పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అనే ప్రశ్నలు మానేయండి.

కూర్చుని మాట్లాడటం అయ్యాక క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, సామాను ఉండే బండి) దగ్గరకు తీసుకెళ్లండి. ముందుగానే నాలుగు తప్పులు పెట్టి ఉంచాలి: గొంతులోకి చూసే లారింగోస్కోప్ బల్బు వెలగదు, ఒక అడ్రినలిన్ ఆంప్యూల్ గడువు తీరింది, సక్షన్ గొట్టం లేదు, ఆక్సిజన్ సిలిండర్ తాళం కనబడదు. ఐదు నిమిషాలివ్వండి. డ్రాయర్లు తెరిచి చూసి ‘అన్నీ ఉన్నాయి’ అనేవాళ్లు కొందరు, లారింగోస్కోప్ బ్లేడు విప్పి వెలిగించి చూసేవాళ్లు కొందరు. బొమ్మ ఉంటే రెండు నిమిషాలు సీపీఆర్ చేయించండి: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలి. రెండో నిమిషంలో లోతు తగ్గుతుంది, చూడాల్సింది అప్పుడే.

ఇంటర్వ్యూ చేసేవాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే మార్కులు వేసుకోండి. ‘నైట్‌లో ఒక నర్సుకు ఎన్ని బెడ్లు?’ అని అభ్యర్థి అడిగితే నిజం చెప్పండి, పోయిన నెల రోస్టర్ చూపించినా తప్పులేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి అక్కడికక్కడే తిరిగిచ్చేయండి.